కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టు డైరీ: రిపోర్ట్ ఎప్పుడొచ్చిందన్నదే లెక్క

మిర్చి కోల్డ్ స్టోరేజీకి కొత్త ఛాంబర్ కడుతున్నం, ఏనుమాముల మార్కెట్ దాటినంక నర్సంపేట రోడ్డు వైపు. నేను ఓనర్ల తరఫున ప్రాజెక్ట్ చూసుకునేటోన్ని. సివిల్ కాంట్రాక్టర్ ఒకలు, పఫ్ ప్యానెల్స్ (చల్లదనం బయటికి పోకుండ గోడలకు, సీలింగ్‌కు పెట్టే ఫోమ్ పలకలు) ఇచ్చేటోళ్లు ఒకలు, అమ్మోనియా ప్లాంట్ వాళ్లు ఒకలు, కరెంట్ పని ఇంకొకలు, వీళ్లల్ల ఎవరు ఎవరి కోసం ఆగి కూసున్నరో కనుక్కునుడే నా డ్యూటీ అనుకోండ్రి.

టార్గెట్ ఫిబ్రవరి ఆఖరు. ఇంకో నెల జరుపుదాం అనే ముచ్చటే లేదు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక మార్కెట్ అంతా ఎర్రగ ఉంటది, తేజ రకం మిర్చి వస్తది, వండర్ హాట్ వస్తది, 2025ల జీఐ ట్యాగ్ తెచ్చుకున్న మన చపాట వస్తది, రేటు నచ్చని రైతు బస్తాలు తెచ్చి కోల్డ్‌ల పెట్టుకుంటడు, అప్పుడు మన గేటు బంద్ ఉంటే సరుకు పక్క కోల్డ్‌కు పోతది, మళ్ల సీజన్ దాక ఖాళీ ఛాంబర్‌ను చూసుకుంట బ్యాంకు వడ్డీ కట్టాలె.

నవంబర్ మొదట్ల, తుఫాను పోయినంక

మొంథా తుఫాను అక్టోబర్ 28 రాత్రి ఆంధ్రల తీరం దాటింది, 29 నాడు మన వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినయ్, అందరికీ ఎరికే. మా దగ్గర కంప్రెసర్ రూం పునాది గుంతలు నిండినయ్. మోటర్లు పెట్టి తోడుడు, బురద ఎత్తుడు, మెత్తబడ్డ మట్టి తీసి మళ్ల పీసీసీ (రాడ్లు లేని సాదా కాంక్రీట్) వేసుడు, ఇదే పని.

సివిల్ కాంట్రాక్టర్ వారం తిరగకముందే ఒక పేజీ లెటర్ పంపిండు. ఏ తారీఖున వాన, ఏ పనులు ఆగినయ్, గుంతల ఎంత లోతు నీళ్లు, ఫోటోలు, ఎన్ని రోజులు ఎక్కువ కావాల్నో లెక్క తేలినంక చెప్తం అని. పార్ట్‌నర్లల పెద్దాయన దాన్ని చదివి గరం అయిండు, "ఇప్పటి నుంచే సాకులు రాసి పెట్టుకుంటున్నడు చూడు" అన్నడు.

నాకైతే ఆ లెటర్ నచ్చింది. ఎందుకంటే ఆ రోజు గుంతల నీళ్లు ఎంతున్నయో నేను పోయి నా కండ్లతో చూడొచ్చు, మండలం వారీగ వాన లెక్కలు రాష్ట్ర ప్లానింగ్ సొసైటీ పెడతది, దాంతోని సరిచూసుకోవచ్చు. అదే లెటర్ జనవరిల వస్తే ఏం చూస్త? ఎండిన గుంత కూడ ఉండదు, దాని మీద పునాది లేచి ఉంటది. గవర్నమెంట్ పనులల్ల సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) అగ్రిమెంట్ క్లాజ్ 5 చూడండ్రి, అడ్డంకి వచ్చిన 14 రోజులల్ల కాంట్రాక్టర్ రాసి ఇచ్చి టైం అడగాలె, సైట్‌ల హిండ్రెన్స్ రిజిస్టర్ ఒకటి పెట్టి అడ్డంకి ఎప్పుడు మొదలైంది ఎప్పుడు తొలగింది అని రాసుకుంటరు. బయటి దేశాల కాంట్రాక్టులల్ల ఎక్కువ నడిచే ఫిడిక్ (ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) 1999 రెడ్ బుక్‌ల ఇదే 28 రోజులు, సంగతి తెలిసిన కాడికెల్లి లెక్క, ఆ గడువు దాటితే నీ క్లెయిమ్ ఎంత నిజమైనా పోయినట్టే. ఓనర్‌కు కూడ తప్పించుకునేది లేదు. 1872 నాటి మన కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 55 ప్రకారం, టైం ముఖ్యం అనుకున్న కాంట్రాక్టుల పని లేటైంది, ఆ లేటు పనినే నువ్వు తీసుకున్నవ్ అనుకో, తీసుకునేటప్పుడే నష్టం అడుగుత అని నోటీస్ ఇయ్యకపోతే తర్వాత ఆ లేటుకు పైసలు అడగనీకి రాదు.

ఇదంతా పెద్దాయనకు చెప్తే "అయితే మనం కూడ రాయాల్నా" అన్నడు. రాయాలె సార్, అందరం రాయాలె. మా అగ్రిమెంట్లల్ల కూడ అన్నిట్ల 14 రోజులే పెట్టినం. కరెంట్ కాంట్రాక్టర్ మాత్రం తుఫాను మీద ఒక్క లైన్ రాయలే. ఆయన కేబుల్ ట్రెంచ్ కూడ మునిగింది, మేమందరం చూసినం, ఫోన్ చేసి "ఒక లెటర్ పెట్టన్నా" అని చెప్పినం కూడ. "మనమధ్యల కాయితాలెందుకన్నా" అన్నడు. సరే.

నవంబర్ నడిమిట్ల, డైలీ రిపోర్ట్ మార్చినం

ఇప్పటిదాక గ్రూపుల వచ్చే రిపోర్ట్ ఎట్లుండేదంటే, "గుడ్ ఈవినింగ్ సార్, వర్క్ నడుస్తున్నది, లేబర్ 14, మేస్త్రి 3", దానికింద మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషన్) ఫోటో ఒకటి, సుతారి పని చేస్తున్న ఫోటో ఒకటి. అది రాత్రి పది గంటలకు వస్తది, ఒక్కోసారి తెల్లారినంక. చదివితే పని జరిగిందని తెలుస్తది గని ఏం ఆగిందో తెల్వది. మనకు కావాల్సిందే ఆగిన సంగతి.

సైట్ సూపర్‌వైజర్ డిప్లొమా చేసి వచ్చిన తమ్ముడు, మంచి హుషారోడు. వానితోని కూసొని నాలుగు లైన్లకు తెచ్చినం: ఇయ్యాల ఏం అయిపోయింది, ఏం ఆగింది, అది ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటిలోపల కావాలె. ఫోటో అయితే ఆగినదాని ఫోటోనే పెట్టు, నడిచేదాని ఫోటో నాకొద్దు అన్న. టైం సాయంత్రం ఆరున్నర. ఆరున్నరే ఎందుకంటే ఏడు దాక హైదరాబాద్ సప్లయర్ల ఆఫీసుల ఎవరో ఒకలు ఫోన్ ఎత్తుతరు, రేపు పొద్దున మిల్లర్ తిరగకముందు ఏదన్న మార్చాలంటే ఆ అర్ధగంటే మనకున్నది. పది గంటల రిపోర్ట్‌ల ఎంత మంచిగ రాసినా అది చరిత్రనే.

పని జరగని రోజు కూడ రిపోర్ట్ రావాలె అని ఇంకో మాట పెట్టినం. ఆదివారం, పండుగ, వాన, ఏదైనా "ఇయ్యాల పని లేదు, కారణం ఇది" అని ఒక లైన్ సాలు. రిపోర్ట్ రాలేదంటే అంతా బాగుందనుకోవాల్నా, ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకోవాల్నా, లేక సైట్‌ల ఏదన్న అయిందనుకోవాల్నా, ఎవడు చెప్తడు?

పర్సెంటేజీలు కూడ తీసేసినం. ఇది కొంచెం కొట్లాట అయింది. కాంట్రాక్టర్లకు 90 శాతం అంటే మస్తు ఇష్టం, మొదటి వారం 70, రెండో వారం 85, తర్వాత 90, ఇగ ఆ 90 కాడ ఎన్ని వారాలైనా ఉంటది. అందుకే సున్నా, యాభై, వంద అనే పద్ధతి: మొదలు పెట్టకపోతే సున్నా, మొదలైతే యాభై, మొత్తం అయిపోయి చెక్ చేసినంకనే వంద, నడుమ నంబర్ లేదు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటేనే ఇది పనికొస్తది, ఫ్లోర్ మొత్తం ఒకటే ఐటెం అని రాస్తే నెలంతా యాభైలనే ఉంటం. మేం ఫ్లోర్‌ను బేలుగ, అంటే గడులు గడులుగ కోసినం, ప్రతి బేకు కింది కాంక్రీట్, పాలిథీన్ షీట్, ఇన్సులేషన్, పై కాంక్రీట్ వేర్వేరు లైన్లు.

పార్ట్‌నర్లకు వారానికొక నంబర్ ఇస్తున్న. ఈ తారీఖుకు 20 లక్షల విలువైన పని అయి ఉండాలె అని ప్లాన్, అయింది 15 లక్షల విలువది అనుకోండ్రి, 15ను 20తో భాగిస్తే 0.75, ఒకటి కన్నా తక్కువ ఉన్నదంటే వెనకబడ్డం. ఖర్చు పెట్టింది 18 లక్షలైతే 15ను 18తో భాగిస్తే 0.83, అంటే రూపాయి పెడితే 83 పైసల పని వస్తున్నది. పుస్తకాలల్ల దీన్ని ఎర్న్‌డ్ వాల్యూ అంటరు. కానీ దాని లోపల పెట్టే 15 పాతదైతే నంబర్ కూడ పాతదే, పోయినవారం మెజర్‌మెంట్ పెట్టి ఈవారం నంబర్ తీస్తే ఎవరిని మోసం చేసినట్టు?

నవంబర్ ఆఖర్ల, బోల్టులు

ఇది రాసుకోవాల్సిన ముచ్చట. కంప్రెసర్ ఫౌండేషన్ కాంక్రీట్ పొద్దుగాల ఏడింటికి. బోల్టులు కాంక్రీట్‌తోనే కలిపి పోసే డిజైన్, అంటే ఒకసారి గట్టిపడ్డంక జరుపనీకి రాదు. బోల్టులు ఎక్కడ నిలబడాల్నో చూపే హోల్స్ ఉన్న అచ్చునే టెంప్లేట్ అంటరు. దాని ముందురోజు సాయంత్రం రిపోర్ట్‌ల "ఆగింది" లైన్‌ల తమ్ముడు రాసిండు: "కంప్రెసర్ ఫౌండేషన్. బోల్ట్ టెంప్లేట్ హోల్స్ మధ్య దూరం డ్రాయింగ్ కన్నా 40 ఎంఎం ఎక్కువున్నది. ఎవరి దగ్గర: ప్లాంట్ వాళ్లు. ఎప్పటిలోపల: పొద్దున ఆరు." కింద ఫోటో, టేపు పట్టుకున్న వేలు, గోరుకు సిమెంట్ అంటుకొని ఉన్నది, టేపు మీద నంబర్ సక్కగ కనవడుతున్నది.

ఫోన్ చేసిన. "తమ్మీ, టేపు సరిగ్గ పట్టినవా?"

"రెండు దిక్కుల పట్టిన అన్నా. మేస్త్రిని కూడ పట్టుమన్న. టెంప్లేటే తేడా ఉన్నదన్నా. లేకపోతే డ్రాయింగే పాతది కావొచ్చు."

ప్లాంట్ వాళ్ల డిజైన్ ఆఫీసుకు ఫోటో పంపి ఫోన్ చేస్తే సంగతి తేలింది, మోడల్ మారింది, కొత్త రివిజన్ డ్రాయింగ్ వాళ్ల మెయిల్‌ల తయారుగున్నది గని మాకు పంపలే, టెంప్లేట్ మాత్రం కొత్తదాని ప్రకారం వచ్చింది. అంటే తమ్ముడు అన్న రెండో మాటే కరెక్ట్. కొత్త డ్రాయింగ్‌ల ఫౌండేషన్ సైజు కూడ ఒక పక్క పెరిగింది, సెంట్రింగ్ జరపాలె, రాడ్లు కొన్ని మార్చాలె. పొద్దున పోసుడు మధ్యాహ్నానికి జరిపినం, అంతే. అయిన నష్టం మిల్లర్ సగం పూట కిరాయి.

ఇదే రిపోర్ట్ రాత్రి పదింటికి వస్తే డిజైన్ ఆఫీసుల ఎవరూ ఉండరు, నేను పండుకొని ఉంట, పొద్దున ఏడింటికి మేస్త్రి పోసేస్తడు. ఇగ బ్రేకర్ తెచ్చి పలగ్గొట్టుడు, రాడ్లు కోసుడు, మళ్ల క్యూరింగ్, ఈలోపల కంప్రెసర్ లారీ మీదికెల్లి దిగి ఎక్కడ కూసుంటదో దేవునికెరుక. సమాచారం అదే, ఫోటో అదే, మూడున్నర గంటలే తేడా.

క్యూబ్ రిపోర్ట్ గురించి చిన్న మాట

బలం చూడనీకి పోసిన కాంక్రీట్‌తోనే చేసి పెట్టిన క్యూబులు 7 రోజులకు ఒక సెట్, 28 రోజులకు ఒక సెట్ పగలగొడ్తరు. 7 రోజులది దేనికంటే తొందర్ల అంచనా కోసం, సాదా సిమెంట్‌కు 28 రోజుల బలంల మూడింట రెండొంతుల దాక అప్పటికే రావాలె, రాకపోతే మిక్స్‌ల ఏదో గడబిడ ఉన్నదని ముందుగాల తెలుస్తది. ల్యాబ్ వాళ్లేమో ఈ 7 రోజుల రిజల్ట్‌ను పక్షం దాటినంక, ముద్ర కొట్టి, సంతకం పెట్టి, అందంగ స్పైరల్ బైండింగ్ చేసి పంపుతరు. అప్పటికి ఇంకో రెండు బేలు అదే మిక్స్‌తోని పోసేసి ఉంటం. ముద్ర తర్వాత కొట్టుకోండ్రి, మిషన్ మీద నంబర్ కనవడంగనే ఫోటో తీసి పంపుండ్రి అని చెప్పినం, ఇప్పుడు అదే రోజు వస్తున్నది.

డిసెంబర్, ప్యానెల్స్ లారీ

ప్యానెల్స్ సప్లయర్ పేరు రాయను. వీళ్లతోని పడ్డ తిప్పలు ఇంతింత కాదు. "రెడీ సార్, లోడింగ్ అవుతున్నది." మర్నాడు "లోడింగ్ అయింది సార్, డ్రైవర్ కోసం చూస్తున్నం." మూడోనాడు "రాత్రి బయల్దేరుతది." వాళ్ల మాట మీద హైడ్రా క్రేన్ బుక్ చేసినం, ప్యానెల్ ఫిట్టర్లు వచ్చి షెడ్డుల కూసున్నరు, వాళ్లకు రోజు కూలి, తిండి, అన్నీ మన మీదనే. నాలుగోనాడు తెలిసిందేందంటే సీలింగ్ ప్యానెల్స్ ఇంకా కట్టే కాలేదు, మెటీరియల్ షార్టేజ్ అట, అది వాళ్లకు లోడింగ్ కబురు చెప్పకముందే ఎరుక.

నాకు కోపం లేటైనందుకు కాదు, ఫ్యాక్టరీ అన్నంక షార్టేజ్ వస్తది. ముందే చెప్తే ఫిట్టర్లను వాల్ ప్యానెల్స్ దిక్కు పెట్టుకునేటోళ్లం, క్రేన్ ఆపుకునేటోళ్లం, ఒక్క రూపాయి పోకపోవు. చేతులు కాలినంక ఆకులు తెచ్చిచ్చినట్టు "సారీ సార్" అంటే ఏం చేసుకోవాలె.

ఆ తర్వాత వాళ్లను "ఎక్కడిదాక వచ్చింది" అని అడుగుడు బంద్ పెట్టినం. బయల్దేరింది అంటే ఎల్‌ఆర్ నంబర్ (లారీ రసీదు నంబర్) పంపు, తయారైంది అంటే ప్యానెల్ మీద మన ఆర్డర్ నంబర్ కనవడేటట్టు ఫోటో పంపు. ఇంకోటి, ప్రతి సప్లయర్‌ను ఒక ప్రశ్న అడుగుతున్నం: "కాదు అని చెప్పాల్సి వస్తే ఏ తారీఖు లోపల చెప్తవ్?" మొదట్ల నవ్విన్రు. గని ఆ తారీఖు రాసుకున్నంక ఆ ముందురోజు వాళ్లే ఫోన్ చేస్తున్నరు.

ఓనర్ ఫోన్

చెప్పక తప్పదు. రిపోర్ట్ లేటుగ రావడానికి సగం కారణం పైనున్నోళ్లే. బోల్టుల సంగతి గ్రూపుల పడంగనే పార్ట్‌నర్లల ఒకాయన సీదా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "ఇన్నొద్దులు ఏం చూసినవ్ రా" అని అరిచిండు. పట్టుకున్నోడే వాడు! మర్నాడు "ఆగింది" లైన్‌ల "ఏం లేదు" అని వచ్చింది, నేను పోయి చూస్తే రెండు విషయాలు ఆగి ఉన్నయ్.

"ఏం తమ్మీ, రాయలేదేంది?"

"రేపటికి సెట్ అయితదేమో అనుకున్న అన్నా. ఊకె రాస్తే సార్ గరమైతుండు."

పెద్దాయనతోని మాట్లాడిన. సార్, చెడ్డ కబురు వస్తే నాకు ఫోన్ చేయుండ్రి, సైట్‌కు చేయకుండ్రి, తిట్లన్నీ నాకే. రిపోర్ట్‌ల రాసిన తప్పుకు తిట్టద్దు, రాయకుండ దాచినదానికి తిట్టండ్రి. ఆయన మంచిమనిషే, విన్నడు, పార్ట్‌నర్‌కు కూడ ఆయనే చెప్పిండు. వారం పట్టింది మళ్ల ఆ లైన్‌ల నిజాలు రావడానికి. మెట్రో శ్రీధరన్ సార్ ఢిల్లీ మెట్రో పనుల కాడ ఇంకెన్ని రోజులున్నయో చూపే రివర్స్ గడియారాలు పెట్టించిండు అని అందరు చెప్తరు, మనోళ్లు కూడ అది విని గేటు కాడ ఒకటి పెడదామన్నరు. పెట్టుండ్రి, మంచిదే, గని గడియారం టైం ఎంత మిగిలిందో చెప్తది, పని ఎంత మిగిలిందో చెప్పేది ఆ డిప్లొమా పిలగాడే.

జనవరి, మేడారం

ఈసారి సమ్మక్క సారలమ్మ జాతర జనవరి ఆఖర్ల పడ్డది. లేబర్ల సగం మంది ములుగు, భూపాలపల్లి దిక్కోళ్లు, జాతరకు పోకుండ ఉండరు, ఉండుమని చెప్పుడు కూడ తప్పే, మేం కూడ బంగారం (అమ్మవార్లకు మొక్కే బెల్లం) ఎత్తుకపోవాల్సిందే. దానికి తోడు మిర్చి ఏరుడు మొదలైంది, ఏరనీకి పోతే కూలి మంచిగ ఉంటది. మేస్త్రి సంక్రాంతి కంటె ముందే చెప్పిండు, జాతర వారం మొత్తం నా దగ్గర పొద్దటికి నలుగురైదుగురి కన్నా ఎక్కువ ఉండరు సార్, తర్వాత కూడ అందరు ఒకటేసారి రారు అని. ఇంత తొందరగ ఏ మేస్త్రి చెప్పడు, మామూలుగ అయితే పోయినంకనే తెలుస్తది. దాంతోని మనుషులు ఎక్కువ పట్టే ఫ్లోర్ పై కాంక్రీట్ మొత్తం జాతరకు ముందల్కి గుంజినం, జాతర వారం క్యూరింగ్‌కు వదిలేసినం, నీళ్లు కొట్టనీకి ఇద్దరు సాలు.

ఆ వారం ఖాళీ ఉండి హనుమకొండ పోయినప్పుడు వేయిస్తంభాల గుడికి పోయిన. కల్యాణ మండపం 2006ల విప్పినరు, 2024 మార్చిల శివరాత్రికి మళ్ల తెరిచిన్రు. రాళ్లకు నంబర్లు వేసి విప్పిన్రు కాబట్టి మళ్ల పేర్చగలిగిన్రు. నంబర్ రాయి ఇప్పేటప్పుడే వేయాలె, కుప్పల పడ్డంక ఏ నంబర్ వేస్తవ్? లేటు సంగతి వేరే ముచ్చట, దాని మీద ఊర్ల అందరికీ ఒక అభిప్రాయం ఉన్నది, నాకు కూడ ఉన్నది, ఇక్కడ వద్దు.

ఫిబ్రవరి, కరెంట్

అనుకున్నదే అయింది. కరెంట్ కాంట్రాక్టర్ ఇప్పుడు వచ్చి తుఫానుకు రోజులు కలపమంటుండు, అక్టోబర్ సంగతి ఫిబ్రవరిల. ఆయన ట్రెంచ్ మునిగింది నిజం. ఎన్ని రోజులు మునిగింది, ఆ రోజులల్ల ఆయన మనుషులు సైట్ మీద ఉన్నరా లేరా, కాయితం లేదు. పార్ట్‌నర్లు ఒప్పుకోలే. సివిల్ ఆయనకు మాత్రం లెక్క ప్రకారం రోజులు ఇచ్చిన్రు, పెనాల్టీ లేదు. ఇద్దరి గుంతలల్ల ఒకటే వాన.

అసలు టెన్షన్ వేరే ఉన్నది. హెచ్‌టీ (హై టెన్షన్ కరెంట్) కనెక్షన్ కాబట్టి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అప్రూవల్ లేకుండ చార్జ్ చేయనీకి లేదు. జనవరి ఆఖరు రిపోర్ట్‌ల కరెంట్ లైన్‌ల "ఇన్‌స్పెక్షన్, ఆఫీసుల పెండింగ్" అని ఉండె. తమ్ముడు ఊకోలే, "ఎవరి దగ్గర" అని గుచ్చి గుచ్చి అడిగితే తేలింది, పెండింగ్ మన దగ్గరే, ఎర్త్ టెస్ట్ రిపోర్ట్ జత చేయక అప్లికేషన్ ముందటికి పోలే. ఆ రోజే టెస్ట్ చేయించి పెట్టించినం. అయినా అప్రూవల్ ఫిబ్రవరి మూడో వారం కన్నా ముందు రాదని అర్థమైంది, కాబట్టి ట్రయల్ రన్‌కు జనరేటర్ కిరాయికి తీసుకునుడా లేదా అనేది జాతర నుంచి తిరిగి రాంగనే తేల్చుకున్నం, సీజన్‌ల జనరేటర్లు దొరకయ్, పెండ్లిళ్లు కూడ ఉన్నయ్. కిరాయి ఎక్కువే. పెద్దాయన రెండు నిమిషాలు ఆలోచించి సరే అన్నడు, నంబర్లన్నీ ముందటనే ఉన్నయ్ కాబట్టి.

ఇప్పుడు ప్లాంట్ జనరేటర్ మీద నడుస్తున్నది. ఛాంబర్ టెంపరేచర్ రోజుకు కొంచెం కొంచెం దించుతున్నరు, ఒక్కసారే దించితే ఫ్లోర్ కాంక్రీట్‌కు, ప్యానెల్ జాయింట్లకు పగుళ్లు వస్తయ్, తొందరపడద్దని ప్లాంట్ వాళ్లు గట్టిగ చెప్పిన్రు. అప్రూవల్ ఇన్‌స్పెక్షన్ ఎల్లుండి. ఇయ్యాల ఆరున్నర రిపోర్ట్‌ల "ఆగింది" కింద ఒక్కటే ఉన్నది, లోడింగ్ తలుపు గాస్కెట్ (అంచుకు పెట్టే రబ్బరు) ఒక మూల కూసుంటలేదు, అక్కడ చెమ్మ పడుతున్నది, కొత్తది హైదరాబాద్ నుంచి రాత్రి లారీకి వేసినం అంటుండు సప్లయర్. ఎల్‌ఆర్ నంబర్ అడిగిన, ఇంకా పంపలే.